రెండో కొవ్వొత్తి

మా సంఘంలోని ఒక అవ్వ ప్రతి ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటలో రెండు కొవ్వొత్తులు వెలిగించేది. ఒకటి భర్త సమాధి మీద, రెండోది దాని పక్కన, తాను పడుకోబోయే ఖాళీ చోట.

"ప్రభువు లేచిండు గద బిడ్డా, మేం గూడ లేస్తం. నేను కండ్లు తెరిస్తే పక్కన ముసలోడుండాలె. లేకుంటే నన్ను దేవులాడుకుంట ఎటో పోతడు," అని నవ్వేది.

శంషాబాద్‌లో విమానాశ్రయం రోడ్డు వెడల్పు చేసినప్పుడు పాత సమాధులను ఇక్కడికి మార్పించిన సంఘపెద్దను నేనే. భర్త ఎముకలు కూడా తెచ్చామని అవ్వకు చెప్పాను. అది అబద్ధం. గడువు ముగుస్తోందని శిలువ రాయి ఒక్కటే తెప్పించాను. ఆయన ఇప్పటికీ ఆ రోడ్డు కిందే ఉన్నాడు.

మొన్న అవ్వను ఆ రాయి పక్కనే సమాధి చేశాం. ఇద్దరూ కలిసి లేస్తారని ప్రార్థన చేసిందీ నేనే.