నేను రాయకుండా వదిలిన తొమ్మిదేళ్లు

సోమవారం: గద్వాల జిన్నింగు మిల్లువారు “దుబాయోనివి, మల్ల ఎగిరిపోతవ్” అని గేటు దగ్గరే వెనక్కి పంపారు.
బుధవారం: వనపర్తి రైసు మిల్లువారు “మా జీతం నీ కంటికి ఆనదు” అన్నారు.

ఇవి నాకు జరిగినవి కావు. నాగర్‌కర్నూలు బస్సులో పక్క సీటు మనిషి చెప్పగా డైరీలో రాసుకున్నవి. తొమ్మిదేళ్లు దుబాయిలో చేశాక, అక్కడ పనులు మందగించి కంపెనీ పంపేసిన క్రేన్ ఆపరేటరు అతను. నా చేతిలో కలం చూసి, గోదాములో హమాలీ పనికి దరఖాస్తు రాసిపెట్టమన్నాడు. ‘తొమ్మిదేళ్ల అనుభవం’ అని మొదలుపెట్టగానే కాగితం మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

“అది రాయకు సారు. గది చూస్తే పని ఇయ్యరు.”

“మరి తొమ్మిదేళ్లు ఏం చేశావని రాయను?”

“ఊర్ల ఖాళీగ తిరిగిండని రాయి. తిరుగుబోతుకన్న ఇస్తరేమో,” అని నవ్వాడు. వెంటనే గొంతు తగ్గించి, “ఇది గూడ పోతే ఇంటికి ఏ మొఖంతోని పోవాలె?” అన్నాడు.

ముప్పై ఏళ్ల గుమాస్తా ఉద్యోగంలో ఒక్క అబద్ధమూ రాయని నేను, అతను చెప్పినట్టే రాశాను.

మిల్లుల, గోదాముల యజమానులకు: నేర్చిన పనిని దాచిపెడితే తప్ప ఒక మనిషికి పని ఎందుకు దొరకదో లిఖితపూర్వకంగా తెలియజేయగలరు. నోటిమాట సమాధానం స్వీకరించను.