ఏసీ హాల్లో పెళ్ళిచూపులు

ఎంత చీకటిగా ఉంటే అంత గొప్ప హోటలని మా వైపు జనం నమ్మే రోజులు కొన్ని ఉండేవి. ఎనభైల మొదటి సంవత్సరాల మాట ఇది. మా ఆళ్ళగడ్డలో హోటలంటే వెలుతురే. లోపలికి అడుగు పెట్టగానే పొయ్యి కనపడేది, పొయ్యి మీద బాణలి కనపడేది, బొరుగుల ఉగ్గాని కలిపే ఆయన నుదుటి మీద చెమట కూడా కనపడేది (అది ఎక్కడ పడుతోందో ఎవరూ ఆలోచించేవాళ్ళు కాదు). అటువంటి రోజుల్లో నంద్యాలలో మూడంతస్తుల లాడ్జి ఒకటి లేచి, దాని కింద ఏసీ హాలు పెట్టారని, అందులో మిట్టమధ్యాహ్నం కూడా పక్కన కూర్చున్న మనిషి కనపడడని తెలిసినప్పుడు మా బజారంతా ఆ సంగతిని గౌరవంగా చెప్పుకుంది. వెళ్ళొచ్చినవాళ్ళు తలా ఒక మాట చెప్పేవాళ్ళు. ఎదురంగడి బట్టలాయన అది స్వర్గమన్నాడు. ఆయన తమ్ముడు ఆ చలికి జలుబు పట్టి వారం రోజులు దుప్పట్లో ఉన్నానన్నాడు. నాకు మాత్రం ఏమని చెప్పాలో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. ఆ హాలు గుర్తుకొస్తే నవ్వొస్తుంది, ఆ నవ్వు సగంలో ఆగిపోతుంది.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. బీకాం ముగించి, మా నాయన స్టీలు సామాన్ల అంగడిలోనే బిందెలూ చెంబులూ తుడుస్తూ కూర్చున్నాను. అమ్మ నా చిన్నప్పుడే పోయింది, ఇంటికి పెద్ద మా అవ్వ, అంటే నాయనను కన్న తల్లి. నాకు సంబంధం తెచ్చింది మా మేనమామ. ఆయన ఉండేది డోన్‌లో. రైళ్ళన్నీ తన ఇంటి పక్క నుంచే పోతాయి కాబట్టి లోకమంతా తనకు తెలుసునని ఆయన అభిప్రాయం. అమ్మాయిది నంద్యాల, వాళ్ళ నాయనకు బియ్యం మిల్లు. అహోబిలంలో మాకు తెలిసిన అయ్యవారు జాతకాలు చూసి బాగున్నాయన్నాడు. ఇక పిల్లను చూడడమే మిగిలింది అనుకుంటుండగా మిల్లాయన దగ్గర నుంచి కబురొచ్చింది. చూపులు ఇంట్లో కాదు, ఏసీ హాల్లో.

"పిల్లను హోటల్లో చూపిస్తారంటనా? ఏందీ కథ?" అన్నాడు నాయన.

"కొత్త పద్ధతి బావా. బెంగుళూరులో అంతా ఇట్లే చేస్తాండారు," అన్నాడు మామ.

"హోటలు కూడు నేను ముట్టను," అంది అవ్వ. "కానీ పిల్లను చూసేది మాత్రం నేనే."

ఆదివారం అంగడి మూసి నలుగురం బస్సెక్కాం. నంద్యాలలో దిగేసరికి ఎండ మాడు పగలగొడుతోంది. లాడ్జి వాకిట్లో తలపాగా చుట్టుకున్న మనిషి ఒకాయన నిటారుగా నిలబడి మాకు సలాం కొట్టి తలుపు తెరిచాడు. నాయన రెండు చేతులూ జోడించి, "బాగుండారాప్పా? ఇంట్లో అందరూ బాగుండారా?" అని ఆగి పలకరించాడు. పిల్ల తరఫు పెద్దమనిషి ఎవరో ఎదురొచ్చాడనుకున్నాడట. ఆ మనిషి పాపం, "బాగుండామయ్యా," అన్నాడు.

ఎండలో నుంచి లోపలికి పోతే ఏముంది, కాటుక పూసినట్లు చీకటి. మామ ఒక కుర్చీని, నాయన మామను గుద్దుకున్నారు. "కరెంటు పోయినట్లుండాదిరా," అంది అవ్వ నా భుజం పట్టుకుని. "పోలేదత్తా, ఈడ దీపాలు ఇంతే," అన్నాడు మామ. ఎక్కడో మూలనుంచి మిల్లాయన గొంతు "రాండి రాండి" అని పిలిచింది, ఆ గొంతును పట్టుకుని అందరం బల్ల దగ్గరికి చేరాం. నన్ను ఒక చివర కూర్చోబెట్టారు. అమ్మాయి అటు చివర, వాళ్ళమ్మ పక్కన ఉంది. ఉంది అని నేను నమ్మాను, అంతే. మల్లెపూల తెల్లదనం కొంచెం కదిలేది, గాజుల చప్పుడు వినపడేది.

అవ్వకు చలి పుట్టింది. కొంగు నెత్తి నిండా కప్పుకుంది, అది చాలక బల్ల మీది గుడ్డ అంచును కూడా లాక్కుని ఒళ్ళో దోపుకుంది (ఆవిడ కదిలినప్పుడల్లా గ్లాసులన్నీ అటువైపు ప్రయాణం చేసేవి). నాయన అలవాటు కొద్దీ చెంచా చేతిలో తూచి, "రేకు పల్చన," అని నా చెవిలో చెప్పాడు. అవ్వ తన ముందు పెట్టిన పింగాణీ పళ్ళేన్ని వేలితో తాకి వెనక్కి తోసింది. "దీంట్లో నేను తినను. ఆకు తెమ్మను." సర్వరు మంచివాడు. గల్లా దగ్గర పండ్ల కింద అలంకారానికి పరిచిన అరిటాకును తీసి, కడిగి తెచ్చి వేశాడు. ఆకు వచ్చాక అవ్వకు అభ్యంతరాలు తగ్గిపోయాయి. హోటలు కూడు ముట్టనన్న మనిషి ఆ రోజు అందరికంటే తృప్తిగా తిన్నది.

తినేవాటి పేర్లున్న అట్టను నా చేతికిచ్చారు, బీకాం గదా అని. చీకట్లో ఒక్క అక్షరం కనపడితే ఒట్టు. సర్వరే చదివాడు. పాలక్ పనీర్ అనేసరికి నాయన ఆపాడు. "పాలకూరలో పన్నీరా? పన్నీరు పెండ్లిలో చల్లుతారు గానీ కూరలో పోస్తారా అప్పా?"

"ఇదీ పెండ్లి మాటే గదా. ముందుగాల్నే చల్లుకుందాం లేండి," అన్నాడు మిల్లాయన. అందరూ నవ్వారు. అటు చివర మల్లెపూలు కూడా ఊగాయి.

భోజనాలు సగమయ్యాక మిల్లాయనే అన్నాడు, పిల్లలిద్దరినీ కాసేపు వేరే బల్ల దగ్గర కూర్చోనిద్దాం, రెండు మాటలు మాట్లాడుకుంటారని. నాయన గొంతు సవరించుకున్నాడు. మామ మాత్రం, "అదే పద్ధతి," అన్నాడు. ఖాళీగా ఉన్న బల్ల ఒకటే, వంటగది తలుపుకు ఎదురుగా. ఇద్దరం పోయి ఎదురెదురుగా కూర్చున్నాం.

"ఎండలు బాగా ముదిరినాయి," అన్నాను నేను. చలికి ఒళ్ళు వణుకుతుంటే.

"ఈడ లేవు గదా," అంది ఆ అమ్మాయి.

నేను బల్ల మీది గుడ్డ సర్దుతుంటే ఆమే అంది. "హోటల్లో చూపిచ్చమని అడిగింది నేనే. ఇంతకు ముందర మా ఇంట్లో రెండు తూర్లు కూచోబెట్టినారు. కిటికీల నిండా వీధిలోవాళ్ళ తలకాయలే. ఒకాయన నడిచి చూపిచ్చమన్నాడు. ఇంక ఆ చాప మీద కూచోనని మా నాయనతో తెగేసి చెప్పినా."

నాకు ఏదో మంచి మాట చెప్పాలని ఉంది. సరిగ్గా అప్పుడే వంటగది తలుపు తోసుకుని సర్వరు బయటికి వచ్చాడు. లోపల ట్యూబులైటు వెలుతురు ఒక చార ఆ అమ్మాయి మీద పడి, తలుపు ఊగి మూసుకునేలోగా మాయమైంది. గడ్డం, పెదవి, ముక్కుపుడక. అంతే కనపడింది. మళ్ళీ ఎవరో లోపలికి పోయారు. ఈసారి ఒక కన్ను, అది నన్నే చూస్తోంది. తరువాత తలుపు చాలాసేపు కదలలేదు. నేను చెయ్యెత్తి సర్వరును పిలిచి నిమ్మకాయ నీళ్ళు చెప్పాను. నిమ్మకాయ నీళ్ళకు తలుపు రెండుసార్లు తెరుచుకుంటుంది, పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. అవి వచ్చాక అప్పడాలు చెప్పాను. అప్పడాల తరువాత పెరుగు, పెరుగులోకి చక్కెర. చక్కెర వచ్చేసరికి ఆమె నుదురూ, చెవి పక్కన జారిన నాలుగు వెంట్రుకలూ చూడగలిగాను.

"మీకింత ఆకలేందండీ?" అంది ఆమె. "పొద్దున ఏమీ తినలేదా?"

అబద్ధం చెప్పడానికి బుర్ర పనిచేయలేదు. "తిన్నా. ఆ తలుపు తెరిస్తేనే మీరు కనిపిస్తాండారు."

నేను చచ్చాననుకున్నాను. గాజులు చప్పుడయ్యాయి, ఆమె చెయ్యెత్తి సర్వరును పిలిచింది. రెండు ఐస్‌క్రీములు చెప్పింది. అతను వెళ్ళబోతుంటే ఆపి, "రెండూ ఒక తూరి తేవద్దు. ఒకటి తెచ్చినాక ఇంకొకటి తేండి," అంది.

నలభై ఏళ్ళు దాటిపోయాయి. అంతకంటే పెద్ద పెద్ద మాటలు చాలా విన్నాను, వాటిలో సగం మరిచిపోయాను. ఈ మాటను మాత్రం ఆ గొంతుతో సహా దాచుకున్నాను.

తిరుగు బస్సులో ఎవరి అనుభవం వాళ్ళు చెప్పారు. హాలు చల్లగా ఉందన్నాడు మామ. కూరలో తనకు పన్నీరు వాసనే తగల్లేదన్నాడు నాయన. బస్సు శిరివెళ్ళ దాటాక అవ్వ కొంగు సర్దుకుంది. ఆ తరువాత అంది. "సంబంధం వద్దు. రెండు మాటలు మాట్లాడుకోమంటే ఆ పిల్ల బల్ల మీద సంత పెట్టిచ్చింది. ఒకటి కాదు, రెండు కాదు. పాలైస్ అడిగేది నా చెవులారా విన్నా. ఇంట్లో అందరికీ వండి పెట్టాల్సిన పిల్లకు అంత తిండి యావ పనికిరాదు."

అడిగింది నేను. ఐస్‌క్రీము తప్ప అన్నీ నేనే. ఆ ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ చెప్పాలంటే, అమ్మాయి మొహం చూడడానికి తలుపు తెరిపించానని అవ్వ ముందు, నాయన ముందు, బస్సులో అన్ని సీట్ల వాళ్ళ ముందు చెప్పాలి. మా ఇంట్లో మగపిల్లలు పెద్దల ఎదుట అటువంటి మాటలు మాట్లాడేవాళ్ళు కాదు. నేను కిటికీ లోంచి జొన్న చేలు చూస్తూ కూర్చున్నాను. ఎంత శ్రద్ధగా చూశానంటే, నాయన, "ఏంరా, పంట కొంటావా?" అని అడిగాడు.

నాలుగు రోజులకు మిల్లాయన దగ్గర నుంచి కబురొచ్చింది. ఆయనా వద్దనే అన్నాడు. అబ్బాయి నెమ్మదస్తుడేగానీ భోజనం మీద భోజనం చేసినాడు, కడుపులో పురుగులేమన్నా ఉంటే చూపిచ్చుకోండి అని చెప్పి పంపాడు. అవ్వకు కోపం నషాళానికి ఎక్కింది. వాళ్ళ పిల్ల తిని మా పిల్లోడి మీదకి తోస్తాండారా అని పగలంతా తిట్టింది. అయినా ఎందుకైనా మంచిదని మర్నాడు పొద్దున్నే నాతో ఆముదం తాగించింది. నేను తాగాను. నోరు తెరవాల్సిన చోట తెరవలేదు గానీ ఆముదానికి తెరిచాను.

మూడు వారాలు అట్లాగే గడిచాయి. మామ డోన్ నుంచి ఏదో పని మీద వచ్చి అంగడిలో కూర్చున్నాడు. నాయన లేడు. ఎట్లా వచ్చిందో ధైర్యం, బిందెల మీదే చూపు పెట్టి అంతా చెప్పేశాను. మామ మొదట పొట్ట పట్టుకుని నవ్వాడు, కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వాడు. తరువాత నా మొహం చూసి ఆపేశాడు. "ఆ పొద్దు బస్సులో నా చెవిలో చెప్పింటే ఏం పోయేదప్పా?" అన్నాడు. చెప్పులు వేసుకుని నంద్యాల బస్సెక్కాడు.

సాయంత్రం నాలుగు నుంచి బస్టాండులో నిలబడ్డాను. మూడో బస్సులో దిగాడు. దిగుతూనే నా వైపు చూడకుండా చేతిసంచి సర్దుకోవడం మొదలుపెట్టాడు, అప్పుడే నాకు తెలిసిపోయింది.

"తాంబూలాలు అయిపోయినాయప్పా. ఆదోని వాళ్ళంట. మొన్న గురువారమే."

"ఆ పిల్ల ఏమన్నా..." అన్నాను.

"పిల్లను నేను చూడలేదు. వాళ్ళ నాయనతో ఒక్కడితోనే మాట్లాడినా. అంతా విని ఆయనా తల పట్టుకున్నాడు." నా భుజం మీద చెయ్యి వేశాడు. "రా, కాఫీ తాగుదాం."

ఎదురుగా ఉన్న హోటల్లో కూర్చున్నాం. అక్కడ దీపాలన్నీ వెలుగుతున్నాయి. మామ కాఫీ అయ్యేదాకా నా మొహం వైపు చూడకుండా గోడ మీది క్యాలెండరు వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆయన చేసిన ఉపకారాల్లో అదొకటి.

రెండేళ్ళకు కోవెలకుంట్ల అమ్మాయితో నా పెళ్ళయింది. పెళ్ళిచూపులు వాళ్ళింటి వసారాలో, పొద్దున పది గంటలకు. మొహం స్పష్టంగా కనపడింది, నాకు నచ్చింది, నచ్చిందని ఈసారి అక్కడికక్కడే గట్టిగా చెప్పాను (మరీ గట్టిగా చెప్పానని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది). ఆ ఏసీ హాలు కథ ఆమెకు పెళ్ళయిన నెలకే చెప్పాను. విని కోపగించుకోలేదు. "పాపం ఆ పిల్ల," అంది. నన్ను మాత్రం పాపమనలేదు.

ఇప్పుడు నాకు డెబ్బై దగ్గరపడింది. అవ్వ, నాయన, మామ ఎవరూ లేరు. మధ్యాహ్నాలు నేనూ మా ఆవిడా అంగడిలో కూర్చుంటాం. అహోబిలం తిరునాళ్ళప్పుడు యాత్రికుల బస్సులు మా బజారులో ఆగుతాయి, ఆడవాళ్ళు నీళ్ళకు చెంబో తీర్థానికి గిన్నో కావాలని లోపలికి వస్తారు. నా వయసుకు దగ్గరగా ఉన్న ఆవిడ ఎవరైనా వస్తే నా చెయ్యి ఆగుతుంది. గుర్తుపట్టడానికి నా దగ్గరున్నది ఒక గడ్డం, ఒక కన్ను, కొంచెం నుదురు. వాటిని కలిపి ఒక మొహం చేయడం నాకు ఏనాడూ చేతకాలేదు. దానికి నలభై ఏళ్ళ వయసును కూడా కలపాలంటే ఇంకెట్లా?

పోయిన తిరునాళ్ళలో ముక్కుపుడక పెట్టుకున్న పెద్దావిడ ఒకామె వచ్చింది. చెంబు అడిగి, అది నచ్చక, దాని పక్కది అడిగింది. ఆ అడగడంలో ఏదో ఉందనిపించింది.

"యాడ నుంచి వచ్చినారమ్మా? ఆదోనేనా?" అన్నాను.

"కాదప్పా, పత్తికొండ," అంది ఆవిడ.

గల్లా పెట్టె దగ్గర నుంచి మా ఆవిడ తలెత్తకుండానే, "ఈ ఏడు గూడా కాదులే," అంది.

నేను నవ్వుకుంటూ స్టూలెక్కి, పత్తికొండావిడ చూపించిన చెంబు దించి, గుడ్డతో తుడిచి ఆమె చేతికిచ్చాను.