వెబ్‌సైట్‌లో తాతగారి ఫొటో

మాది ఒకప్పటి దొరల కుటుంబం. ఇప్పుడు కరీంనగర్‌లో పసుపు అమ్ముతున్నాను. కిందటేడు వెబ్‌సైట్ పెట్టించి, తెరవగానే తలపాగాతో తాతగారు నిండుగా కనిపించేలా చేయించాను. వచ్చినవాళ్లు పసుపు చూడకుండానే వెళ్లిపోతున్నారని, ఆ ఫొటో తీసేద్దామని సైట్ చూసే లావణ్య అంది. ఒళ్లు మండిపోయింది. దుకాణంలో కొనేవాళ్ల ముందే అరిచాను.

"మా తాత ఎవరనుకున్నవ్? ఇరవై ఊర్లకు దొర!"

"గదే గద సార్ పరేషాన్. మా తాతకు ఫోన్ల మీ సైట్ సూపెట్టిన. ఫొటో చూడంగనే కుర్చీలకెల్లి లేసి చెప్పులిడిసిండు. ఇగ పసుపేం చూస్తడు?"

ఆ సాయంత్రమే ఫొటో తీయించి పసుపు కొమ్ములు పెట్టించాను. కోపం మాత్రం ఇంకా చల్లారలేదు. తాతగారి మీద నాకు కోపం రావడం అదే మొదలు.