డెంటిస్టు కుర్చీలో నా జీతం

స్నేహితుడి పెళ్లికి లండన్ నుంచి ఏలూరు వచ్చి, జంతిక కొరికి పన్ను విరగ్గొట్టుకున్నాను. డెంటిస్టు గారు డ్రిల్లింగ్ మధ్యలో ఆపి, "అక్కడ మీ జీతం ఎంతండీ?" అన్నారు. లండన్‌లో పదేళ్ల స్నేహితులు కూడా అడగని ప్రశ్న!

పౌండ్లలో చెబితే, ఆయన కొత్త సెల్‌ఫోన్‌లో రూపాయల్లోకి మార్చి చూసుకున్నారు. మొహం మాడిపోయింది. మళ్లీ డ్రిల్లు అందుకున్నారు.

నాకు భయమేసింది. అక్కడి ఇంటద్దె, బస్సు ఛార్జీ, క్షవరం, కరివేపాకు ఖరీదు గబగబా ఏకరువు పెట్టాను.

"కరివేపాకు కూడా కొనుక్కోవాలా బాబూ?" బెంచీ మీద వంతు కోసం కూర్చున్న పెద్దావిడ నోరెళ్లబెట్టింది.

ఆ తర్వాత డాక్టరు గారి చెయ్యి దూదిలా మెత్తగా ఆడింది. ఫీజు ఇవ్వబోతే, "పాపం, ఉంచుకోండి" అన్నారు.

గుమ్మం దాటుతుంటే పెద్దావిడ ఆపింది. కూరల సంచిలోంచి కరివేపాకు రెబ్బలు తీసి నా చేతిలో పెట్టి, "లండన్ పట్టుకెళ్లండి బాబూ" అంది.