నల్లరాయి మీద చప్పట్లు

ఇస్ఫహాన్ పెద్దమసీదు గోపురం కింద నల్లరాయి మీద నిలబడి చప్పట్లు కొడితే ఏడు ప్రతిధ్వనులు వస్తాయి. ముప్ఫయ్యేళ్లుగా వాటిని యాత్రికులకు వినిపించే బాధ్యత గైడు బెహ్‌రాంగ్ గారిది. టోపీ సర్దుకుని, తీర్పు చదివే న్యాయమూర్తిలా గొంతు సవరించుకుని, చప్పట్లు కొట్టి, వేళ్లు మడుస్తూ లెక్కపెడతారు. రెండేళ్లుగా ఆయన చెవిన ఒక్కటీ పడటం లేదు. ఎదుటివాళ్ల మాటలు పెదవులు చూసి పట్టుకుంటారు. వచ్చే వారం లైసెన్సు కోసం చెవి పరీక్ష ఉంది. అందులో తప్పితే గోపురంతో ఆయన సంబంధం తెగినట్టే.

నిన్న తబ్రీజ్ నుంచి వచ్చిన తల్లీకొడుకుల ముందు చప్పట్లు కొట్టి, ఏడో వేలు మడిచి, "విన్నారుగా?" అన్నారు. మా ఇరానీయుల్లో పెద్దమనిషిని కాదనే అలవాటు లేదు.

"ఎందుకు వినం బాబూ, ఏడూ విన్నాం! మీ చేతులకు నొప్పి తెలియకుండా ఉండాలి!" అని మా వాడుక ప్రకారం కృతజ్ఞత చెప్పింది తల్లి.

"నాకైతే ఎనిమిది వినిపించాయండీ," అన్నాడు కొడుకు, మర్యాదలో తల్లికి తీసిపోకూడదని.

ఆ ఎనిమిదో దాని దగ్గర బెహ్‌రాంగ్ గారికి అనుమానం వచ్చి కిందికి చూసుకున్నారు. నల్లరాయి నాలుగడుగుల అవతల ఉంది. జరిగి, దాని మీద నిలబడి మళ్లీ కొట్టారు. ఈసారి తల్లీకొడుకులు ఉలిక్కిపడి తలలెత్తారు. ఆయన వేళ్లు మడవలేదు.

"ప్రతిధ్వనులు ఆగిపోగానే కాస్త చెప్పమ్మా," అన్నారు.