పాస్‌వర్డ్ చెప్పని అక్క

తాళం వేశాక వెనక్కి వచ్చి మళ్ళీ లాగి చూసే రకం నేను. గుంటూరులో మా ఇంట్లో దాన్ని జబ్బు అనేవాళ్ళు. కౌలాలంపూర్‌లో, కంపెనీలకు నెట్‌వర్క్‌లు డిజైన్ చేసే చిన్న ఆఫీసులో చేరాక ఆ జబ్బే చదువు అయింది. ఏ తీగ తెగితే ఏం ఆగిపోతుంది? అకౌంట్స్ వాళ్ళ కంప్యూటర్‌లోకి గోడౌన్ వాళ్ళు తొంగి చూడగలరా? రోజంతా కూర్చుని అందరినీ అనుమానించడమే పని.

నాకు పని నేర్పే సీనియర్‌ని అక్కా అని పిలిచేవాణ్ణి. మలేషియాలోనే, బటాంగ్ బెర్జుంటై అనే ఊరి తోటల్లో పుట్టిన తెలుగావిడ. ముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటల పనికి వచ్చారట. ఇక్కడి వాళ్ళలాగే మాట చివర ఊతపదంగా 'లా' అని తగిలించేది. నా ప్రొబేషన్ ఆవిడ చేతిలో ఉంది. ఒక కస్టమర్‌ని పూర్తిగా నాకు అప్పగిస్తేనే ఉద్యోగం ఖాయం. లేకపోతే వర్క్ పాస్ పొడిగించరు, పెట్టె సర్దుకోవాల్సిందే. అప్పగించడమంటే ఆ కస్టమర్ పరికరాల అసలు పాస్‌వర్డ్ నాకివ్వడం. ఎన్నిసార్లు అడిగినా ఆవిడ మాట దాటేసేది.

పైగా నేను గీసిన ప్రతి డిజైన్‌నీ ఫోన్‌లో ఫొటో తీసుకునేది. తర్వాత పక్కకు వెళ్ళి ఎవరితోనో తమిళంలో మాట్లాడి నవ్వేది. నాకు తమిళం రాదని ఆవిడకు తెలుసు. నా డిజైన్లు తనవని చెప్పి బాస్ దగ్గర మార్కులు కొట్టేస్తోందని తేల్చేసుకున్నాను. అప్పట్నుంచీ కాగితం మూలన కనపడీ కనపడకుండా నా పొడి అక్షరాలు వేయడం మొదలుపెట్టాను.

అంతలో దగ్గర్లోని క్లాంగ్ ఊళ్ళో ఒక మసాలా పొడుల ఫ్యాక్టరీ పని వచ్చింది. ఇంటర్నెట్ ఆగితే వాళ్ళ బిల్లులు ఆగుతాయి, బిల్లు లేనిదే లారీ గేటు దాటదు. అందుకని రెండు వేర్వేరు కంపెనీల లైన్లు పెట్టి, ఒకటి పోతే రెండోది అందుకునేలా గీశాను. నా పనికి నాకే ముచ్చటేసింది. అక్క మాత్రం మొహం చిట్లించింది.

"ఈ రెండు లైన్లూ ఏ గోతిలోంచి వస్తన్నాయి తమ్ముడూ?"

"వేర్వేరు కంపెనీలక్కా."

"కంపెనీ కాదు లా, గొయ్యి అడుగుతన్నాను. ఎల్లి సూసినావేటి?"

చూడలేదు. నన్ను ఫెయిల్ చేయడానికి వంక వెతుకుతోందని ఒళ్ళు మండింది. ఇద్దరం క్లాంగ్ వెళ్ళాం. గేటు పక్కన సిమెంటు మూత గార్డు చేత ఎత్తించింది. రెండు తీగలూ ఒకే గొట్టంలోంచి వస్తున్నాయి. ఒక్క గునపం పోటుకి రెండూ పోతాయి. తప్పు నాదే. అయినా, ముందే తెలిసి కావాలనే గార్డు ముందు నా పరువు తీసిందేమో అనిపించింది.

రెండో లైన్‌ని వెనక గోడ వైపు నుంచి తెప్పించాం. శుక్రవారం నమాజు వేళ పనివాళ్ళు మసీదుకు వెళ్తారు, మిషన్లు ఆగుతాయి, ఆఫీసు గదిలో కొందరే ఉంటారు. పరీక్ష అప్పుడే పెట్టుకున్నాం. "నువ్వే పీకు" అంది అక్క. ఏదైనా అయితే నా మెడకు చుట్టడానికే అనుకుంటూ మెయిన్ లైన్ పీకాను. ఆఫీసు గదిలో బిల్లులు కొట్టేవాళ్ళెవరూ తల ఎత్తలేదు. రెండో లైన్ అందుకుంది.

ఆవిడ లాప్‌టాప్ నా వైపు తిప్పి ఆ ఫ్యాక్టరీ పరికరాల పాస్‌వర్డ్ చెప్పేసింది. అంత తేలిగ్గా చెప్పేసరికి నాకు మళ్ళీ అనుమానం.

"ఇన్నాళ్ళూ ఎందుకివ్వలేదక్కా?"

"మీ దేశం నుంచి వచ్చినోల్లకి ముందు కూడా నేర్పినాను. పాస్‌వర్డులన్నీ బుర్రలో ఎట్టుకుని సింగపూర్ ఎల్లిపోనారు. నువ్వూ ఎల్తావని నా అనుమానం. ఇప్పుడూ ఉంది లా."

"మరి ఇప్పుడెందుకు ఇస్తున్నారు?"

"తీగ పీకే ముందు రెండోది గట్టిగా ఉందో లేదో రెండుసార్లు లాగి సూసినావు. ఈల్ల పని ఆగిపోతాదని బయపడ్డావు. అది సాలు."

"ఆ ఫొటోలు?"

"నీ తప్పులు దాసి ఎట్టినాను, తరవాత వచ్చినోడికి సూపడానికి" అని పకపకా నవ్వింది. "పాస్‌వర్డ్ మార్సెయ్. ఇంక నాకు కూడా తెలవకూడదు."

కుర్చీ తిప్పుకుని గోడకేసి కూర్చుంది. నేను కొత్త పాస్‌వర్డ్ కొట్టడం మొదలుపెట్టాను. కస్టమర్ నాది, ఉద్యోగం ఖాయం, సంతోషించాల్సిన సమయం. కానీ నా కళ్ళు ఆవిడ వీపు మీదే ఉన్నాయి. ఆవిడ ఒక్కసారి ఓరగా చూస్తే నా ఇన్ని నెలల అనుమానం నిజమయ్యేది, నాకు ఎంతో ఊరటగా ఉండేది. ఆవిడ తల తిప్పలేదు.