కుడి చక్రంలో నూనె

ముప్పై అయిదేళ్ళుగా ఒక మాట నా గొంతుకు అడ్డంపడి ఉంది. మింగలేను, కక్కలేను. దాన్ని అలాగే పెట్టుకుని అన్నం తిన్నాను, పిల్లల్ని కన్నాను, ముగ్గురు మనవల్ని ఎత్తాను.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. ఎనిమిదో ఏట పెళ్ళయ్యేదాకా రెండేళ్ళు వీధిబడిలో ఇసుకలో అక్షరాలు దిద్దాను. నా చదువు అంతే. ఒత్తులు తప్పితే దిద్దుకోండి. విషయం మాత్రం దిద్దకండి. అది ఉన్నదున్నట్టే ఉండాలి.

పోయిన వారం మనవడి పెళ్ళాం కాపురానికి వచ్చింది. కొట్టుగది తాళాలు దాని చేతిలో పెట్టాను. మా అబ్బాయి పక్కనే నిలబడి, "మా అమ్మ చేతిలో పడితే జాడీడు ఆముదం కొత్త పంట దాకా రావలసిందే. ఓ ఏడు కమ్మరివాడు కొట్టేసినా సరే, ఇంట్లో దీపం ఆరనివ్వలేదు, తెలుసా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ పిల్ల కళ్ళు ఇంతింత చేసుకుని "అవునా మామ్మగారూ?" అంది.

"ఊఁ" అన్నాను.

ఆ "ఊఁ" ఎన్నిసార్లు అన్నానో. ప్రతిసారీ ఆ కమ్మరి మరోసారి దొంగ అవుతూనే ఉన్నాడు. అతను దొంగ కాడు. కాడని నాకొక్కదానికే తెలుసు.

మా ఊరు కొవ్వూరుకు రెండామడల దూరంలో కాలవ గట్టు మీద ఉంటుంది. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. అత్తగారు అంతకుముందు ఏడే పోయారు. మా ఆయన ధవళేశ్వరంలో ఆనకట్ట కచేరీలో గుమాస్తా, పండగకో తద్దినానికో తప్ప రారు. ఇంట్లో మామగారూ నేనూ పిల్లవాడూ. తాళాలు నా మొలకు వచ్చాయి. తాళాలతో పాటు పొగరూ వచ్చింది.

మామగారికి ఒక బండి మీద మోజు. ఆనకట్ట దొర ఒకాయన దేశం వెళ్ళిపోతూ అమ్మేసిన రెండు చక్రాల గుర్రబ్బండి. ఆయన దానికి గుర్రం బదులు మా ఎడ్లను కట్టించారు. ఊరంతా నవ్వుకుంది, కానీ ఆ బండి గట్టు మీద పోతుంటే లోపల కూర్చున్న మనిషికి ఒళ్ళు కదిలేది కాదు. మన బండికైతే ఇరుసుకు కందెన రాస్తే చాలు. దానికి అలా కాదు. చక్రం మధ్యలో నూనె నిలవ ఉండే గూడు ఉండేది, దాని మీద మరచెంబు మూతలా తిప్పి బిగించే ఇత్తడి మూత, మూత కింద నూనె కారకుండా చిల్లున్న తోలు బిళ్ళ. ఏడాదికోసారి చక్రాలు ఊడదీసి, కడిగి, కొత్త తోలు వేసి, సోలెడేసి ఆముదం పొయ్యాలి.

ఆ పని తెలిసినవాడు చుట్టుపక్కల ఒక్కడే. కమ్మరి బ్రహ్మన్న. ధవళేశ్వరం కార్ఖానాలో కొన్నేళ్ళు పనిచేసి వచ్చినవాడు. నవ్వు ముఖం. "దొర బండి దొరలాంటిదేనండి, నీళ్ళిస్తే కదలదు, నూనె తాగి గానీ నడవదు" అనేవాడు.

ఆ ఏడు అత్తగారి ఆబ్దికానికి మా ఆయన్ని తీసుకురావడానికి మామగారు కొవ్వూరు రేవు దాకా బండి మీద వెళ్ళాలనుకున్నారు. బ్రహ్మన్న పొద్దున్నే వచ్చి చక్రాలు బాగుచేశాడు. రెండు సోలల ఆముదం నేనే కొలిచి ఇచ్చాను. ఇస్తుంటే ప్రాణం పోయినట్టయింది. ఎందుకంటే నూనె జాడీ కొత్త ఆముదాలు ఇంటికి వచ్చేదాకా తెస్తానని, అత్తగారి హయాంలో ఎన్నడూ అలా రాలేదని, నలుగురు ఆడవాళ్ళ ముందు గొప్పలు పోయాను. ఆ రెండు సోలలు నా లెక్కలో లేవు. జాడీలో గరిటె పెడితే అడుగు తగిలింది.

ఇనుముకెందుకు ఇంత నూనె? దీపానికి లేని నూనె చక్రానికా? అనుకున్నాను. ఆ అనుకోవడంలోనే నా పాపం మొదలైంది.

బ్రహ్మన్న వెళ్ళిపోయాడు. మామగారు పొలానికి వెళ్ళారు. నేను నూతి దగ్గర తడిబట్ట కట్టుకుని మడిలో ఉన్నాను. మడిలో ఉన్న మనిషి దగ్గరికి ఎవరూ రారు. ఆ సంగతి ఆలోచించుకునే ఆ వేళ ఎంచుకున్నాను. ఇత్తడికి మైల లేదు, నూనెకు మైల లేదు, తప్పేం లేదు అని నాకు నేనే శాస్త్రం చెప్పుకున్నాను. ఇత్తడి గిన్నె పట్టుకుని, తాళం తీసి బండి సావిడిలోకి వెళ్ళాను. కుడి చక్రం గోడ వైపు ఉంది, ఎవరికీ కనపడదు. గిన్నె కింద పెట్టి మూత తిప్పాను. సులువుగానే వచ్చింది. నూనె సగం దాకా గిన్నెలోకి జారింది. మూతతో పాటు మెత్తగా ఏదో వేళ్ళకు అంటుకుంది.

తోలు.

మడి పోయింది. మళ్ళీ నూతి దగ్గరికి వెళ్ళి స్నానం చెయ్యాలి. చేస్తే పాలేరు చూస్తాడు, ఎందుకని మామగారు అడుగుతారు. దాన్ని మళ్ళీ ముట్టుకుని చోటులో పెట్టడానికి చెయ్యి రాలేదు. పుల్లతో ఎత్తి పెంటకుప్పలోకి విసిరేశాను. మూత గట్టిగా బిగించాను. ఇత్తడి మీద ఇత్తడి కూర్చుంది. బాగానే ఉంది కదా అనుకున్నాను. ఎడం చక్రం జోలికి పోలేదు. గిన్నెలో నూనె జాడీలో పోసి, చేతులు కడుక్కుని, అదే బట్టతో వంట చేశాను. అదే చేత్తో దేవుడికి నైవేద్యం పెట్టాను.

మర్నాడు మామగారు బండెక్కారు. ఊరు దాటి కోసెడు దూరం పోయారో లేదో కుడి చక్రంలోంచి పొగ వచ్చిందట. కీచుమని అరిచి బిగుసుకుపోయిందట. బండి గట్టు మీంచి వాలింది. మామగారి భుజం గూడు తప్పింది. ఒక ఎద్దు కాలు విరిగింది. దాన్ని చూసి ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చారని పాలేరు చెప్పాడు.

మూడో రోజు బండిని ఈడ్చుకొచ్చారు. బ్రహ్మన్నను పిలిపించారు. మామగారు చెయ్యి మెడకు కట్టుకుని అరుగు మీద కూర్చున్నారు. వాకిట్లో పదిమంది. నేను వంటింటి తలుపు వెనక.

"ఏరా బ్రహ్మన్నా, మా కోడలు నూనె ఇచ్చింది బండి చక్రాలకా, మీ ఆవిడ తలకా?" అన్నారు మామగారు.

"మా ఆవిడ తలకి నీళ్ళే దిక్కండి బాబూ. ముందు నన్ను చూడనివ్వండి. చూశాక తిట్టుదురుగాని."

ఎడం చక్రం మూత విప్పి వేలు ముంచి చూపించాడు. నిండుగా ఉంది. కుడి చక్రం వాసన చూశాడు. చక్రం కర్ర ఆకుల మీద వేలితో గీశాడు. నూనెకు దుమ్ము అంటుకుని నల్లటి చారలు.

"నూనె పొయ్యకపోతే ఈ జిడ్డు ఎక్కడిదండి? లోపలున్నది బయటికొచ్చేసింది. ఎటునుంచి వచ్చిందో చూద్దాం" అని, చక్రాన్ని గునపంతో వదులు చేసి, కాస్త నూనె పోసి, మూత బిగించి, దాని చుట్టూ పొడి బూడిద చల్లాడు. చక్రం తిప్పాడు. అందరూ వంగి చూస్తున్నారు. నేను తలుపు సందుకు కన్ను ఆనించాను. తెల్లటి బూడిద మూత అంచు పొడుగునా తడిసి నల్లబడింది. మూత విప్పి లోపలికి చూశాడు.

"తోలు బిళ్ళ లేదండి."

"వెయ్యనిది ఎలా ఉంటుందిరా?"

"వేశానండి. రెండూ ఒకే తోలులోంచి కోశాను. ఇదిగో ఎడం దానిది."

"ఒకటి మర్చిపోయావు. పైగా నూనె మోసుకుపోయావు."

"కాజేసేవాణ్ణయితే రెంటిలోనూ కాజేద్దునండి. ఒంటి చక్రం దొంగని ఎక్కడన్నా చూశారా బాబూ?"

జనం నవ్వారు. మామగారు నవ్వలేదు. బ్రహ్మన్న లేచి సావిడిలోకి నడిచాడు. కుడి చక్రం నిలిచిన చోట, గోడ పక్కన, గొంతుక్కూర్చున్నాడు. వంటింటి కిటికీలోంచి నాకు కనిపిస్తున్నాడు. నేల మీద దుమ్ములో గిన్నె అడుగు గుర్తు గుండ్రంగా పడి ఉంది. పక్కన నాలుగు నూనె చుక్కలు ఇంకి ఉన్నాయి. నా గిన్నె అడుగు ఒక పక్క సొట్ట. ఆ సొట్ట కూడా గుర్తులో ఉంది. గిన్నె కిటికీ గూట్లో బోర్లించి ఉంది.

అతను నేల చూశాడు. తలెత్తి గిన్నె చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"చిన్నమ్మగారండీ, మొన్న నేను వెళ్ళాక సావిడిలోకి ఎవరన్నా వచ్చారా అండి?"

గట్టిగానే అడిగాడు. వాకిట్లో అందరికీ వినపడింది. అది నిలదీసినట్టు లేదు. దారి ఇచ్చినట్టు ఉంది. "పిల్లాడు ఆడుకుంటూ విప్పాడేమో" అని ఉంటే సరిపోయేది. "పొరపాటున నేనే" అని ఉంటే నాలుగు తిట్లతో పోయేది.

"ఎవరొస్తారు? తాళం నా మొలనే ఉంది" అన్నాను.

అతను మళ్ళీ నేల మీది గుర్తు వైపు చూశాడు.

"తమరు చెప్పాక ఇంకేముందండి" అన్నాడు. అని, అరచేత్తో ఆ గుర్తును తుడిచేశాడు. నెమ్మదిగా, ముగ్గు చెరిపినట్టు.

అదే నాకు ఇప్పటికీ తెగదు. ఎందుకు తుడిచాడు? మామగారిని పిలిచి "ఇదిగో గిన్నె, ఇదిగో గుర్తు" అనొచ్చు. కోడలి మీద నింద వేశాడని తంతారని భయమా? ఎవరూ నమ్మరని తెలుసా? నేను అత్త లేని పిల్లనని జాలిపడ్డాడా? జాలి అయితే మాత్రం నేను భరించలేను. భయం అయి ఉంటే బాగుండునని ఎన్నోసార్లు కోరుకున్నాను. చూడండి, అతను నన్ను చూసి భయపడి ఉండాలని కోరుకునేంత దాన్నయ్యాను.

సావిడిలోంచి వచ్చి, సంచిలోంచి తన కొలిమి తిత్తి తోలు ముక్క తీసి, బిళ్ళ కోసి కుడి చక్రానికి వేశాడు. నూనె పోశాడు. బూడిద చల్లి తిప్పాడు. బూడిద తెల్లగానే ఉంది. ఆ బండి తర్వాత ఎన్నో ఏళ్ళు తిరిగింది. ఆ చక్రంలోంచి చుక్క కారలేదు.

"మళ్ళీ మా గడప తొక్కకు" అన్నారు మామగారు. మామగారి మాటే ఊరి మాట. అందరూ అతని కొలిమికి నాగళ్ళు తేవడం మానేశారు. కొడవళ్ళు పక్క ఊరికి పంపించారు. కళ్ళం దగ్గర అందరికీ పంచే వడ్లలో అతనికి గింజ పెట్టలేదు. నేను మధ్యాహ్నం పూట చెవి పెట్టి వినేదాన్ని. సమ్మెట చప్పుడు ఒక్కో రోజు ఉండేది, ఒక్కో రోజు ఉండేది కాదు. తర్వాత అసలు లేదు. ఆలుబిడ్డల్ని తీసుకుని ఎటో పోయాడన్నారు. ఎటని నేను అడగలేదు. అడిగితే ఎందుకంటారని.

చెప్పడానికి వేళలు రాకపోలేదు. అతను ఊళ్ళో ఉన్న ఆ నాలుగు నెలల్లో ప్రతి పూటా వేళే. మా ఆయన వచ్చినప్పుడు చెప్పొచ్చు. ఆయన మెత్తని మనిషి. మామగారు పోయేముందు నా చేతి మంచినీళ్ళు తాగుతూ, "నువ్వు లక్ష్మివమ్మా, ఇల్లు నిలబెట్టావు" అన్నప్పుడు చెప్పొచ్చు. నోరు తెరిచాను కూడా. ఇంకొక గుక్క నీళ్ళు పోశాను.

ఇంకొకటి చెప్పకపోతే ఇది రాసీ దండగ. మైలపడిన చేత్తో నైవేద్యం పెట్టానే, దానికి నేను వణికిపోయాను. ఆ ఏడు కార్తీకమంతా కొవ్వూరు రేవులో చుట్టాలింట ఉండి, తెల్లవారకముందే గోదావరిలో మునిగాను. ఒంటిపూట తిన్నాను. దేవుడా, తోలు ముట్టాను, క్షమించు అని. ఆ నెలంతా మునిగాను, బ్రహ్మన్న పేరున ఒక్క మునక వెయ్యలేదు. అప్పటికి నా కంటికి అది పాపంలా కనపడనే లేదు. పని పోయింది, ఇంకో ఊళ్ళో దొరుకుతుందిలే అనుకున్నాను. ఎప్పుడు కనపడిందంటే, మా అబ్బాయి మొదటిసారి ఆ కథ నవ్వుతూ చెప్పినప్పుడు. బ్రహ్మన్న ముఖం కూడా వాడికి గుర్తు లేదు. దొంగ అని మాత్రం ఎరుగును.

బ్రహ్మన్న ఇప్పుడు ఉన్నాడో లేడో. ఉంటే డెబ్భై దాటి ఉంటాయి. అతను ఇది చదవడు, అతనికి అక్షరాలు రావు. కాబట్టి అతన్ని క్షమాపణ అడిగానని నేను చెప్పుకోకూడదు. అడగలేదు. మీరూ నన్ను క్షమించకండి. ఆ పని మీది కాదు.

తోలు తీసి పారేసింది నేను. నూనె తీసుకున్నది నేను. ఈ రెండు ముక్కలు కాగితం మీద పడ్డాక ఊపిరి కాస్త కిందికి దిగింది. అంతకంటే ఏమీ కాలేదు.

సాయంత్రం కొత్తకోడలు దీపాలకు నూనె తియ్యడానికి వస్తుంది. కొలవకుండా పొయ్యమంటానా? అనను. గరిటె అంచు చూసి మరీ పోయిస్తాను. ఈ వయసులో నేను మారను. కానీ దాన్ని కూర్చోబెట్టి ఈ కాగితం చదివించాలి. మా అబ్బాయి వింటుండగా, గట్టిగా. మొదటి వాక్యం నుంచీ కాదు. "అతను దొంగ కాడు" అన్న చోటి నుంచి.